జర్మనీ పల్లెల్లో దొరగారి ఇల్లు: పారెట్స్ కథ

వీడియో చూసే టైమ్ లేనివాళ్ళ కోసం ఎప్పటిలాగే ఎపిసోడ్ మొత్తాన్ని ఇక్కడ రాసి పెడుతున్నాం. మాట్లాడేటప్పుడు నేను తడబడిన చోట్ల కొంచెం సరిచేశాను, అంతే.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. మొన్న బెర్లిన్ ఎపిసోడ్‌లో ఊపులో ఒక మాట అనేశాను. "బెర్లిన్ దాటి అరగంట వెళ్తే చాలు, ప్రతి పల్లెలో ఒక ప్యాలెస్" అని. దాని కింద ఒకాయన ఇలా రాశారు: "తమ్ముడూ, ప్యాలెస్ అంటే ఎవరిది? రాజుదా, జమీందారుదా? దాంట్లో చాకిరీ ఎవరు చేశారు?" చదివాక కాసేపు ఏమీ తోచలేదు. ఎందుకంటే నేను బెర్లిన్‌లో రెండేళ్ళు కోడింగ్ ఉద్యోగం చేశాను, శని ఆదివారాలు ఆ ఊళ్ళన్నీ తిరిగాను, ఫొటోలు తీసుకున్నాను. ఆ ప్రశ్న మాత్రం ఎప్పుడూ వేసుకోలేదు.

నిజానికి నాకు తట్టాల్సిన ప్రశ్నే అది. మా అమ్మమ్మ వాళ్ళది వరంగల్ వైపు పల్లె. ఆ ఊళ్ళో గడి ఉండేది. గడి ముందు నుంచి పోవాలంటే చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని పోయేవాళ్ళమని ఆమె చెప్పేది. ఇప్పుడు ఆ గడికి పైకప్పు లేదు, లోపల తుమ్మచెట్లు మొలిచాయి. చిన్నప్పుడు నాకు అది దయ్యాల కొంప, అంతే. అలాంటి ఊరికి వారసుణ్ణి, జర్మనీ వెళ్ళి అక్కడి గడి ముందు సెల్ఫీ దిగి 'ప్యాలెస్' అని పోస్టు పెట్టాను చూడండి! సరే, ఈ ఎపిసోడ్ ఆ కామెంటుకు జవాబు.

మొదట పేర్ల సంగతి తేల్చుకుందాం. జర్మన్‌లో 'ష్లోస్' అంటే రాజభవనం, కోటలాంటి పెద్ద మేడ. 'గూట్' అంటే ఎస్టేట్, అంటే భూమి, పశువులు, కొట్టాలు అన్నీ కలిపి. ఆ ఎస్టేట్ మధ్యలో ఉండే ఇల్లు 'గూట్స్‌హౌస్'. 'హెర్రెన్‌హౌస్' అని కూడా అంటారు. 'హెర్' అంటే దొర, కాబట్టి మాటకు మాట అర్థం దొరగారి ఇల్లు. అయితే ఊళ్ళో వాళ్ళకు ఈ తేడాలు పట్టవు. ఊరికంతటికీ పెద్ద ఇల్లు అదే కాబట్టి ఎంత చిన్నదైనా దాన్ని ష్లోస్ అనే పిలుస్తారు. నేనూ ఆ బోర్డులు చూసే మోసపోయాను.

ఈ ఇళ్ళు జర్మనీ అంతటా ఉన్నా, తూర్పు వైపు ఎక్కువ. ఎల్బే అని ఒక పెద్ద నది ఉంది కదా, మ్యాప్‌లో దాన్ని ఒక గీతలా అనుకోండి. ఆ గీతకు పడమట, భూమి దొరదే అయినా సాగు చేసేది చాలావరకు రైతులు. దొరకు కౌలు, పన్నులు కట్టేవాళ్ళు. గీతకు తూర్పున, అంటే బ్రాండెన్‌బుర్గ్, మెక్లెన్‌బుర్గ్, పొమెరేనియా ప్రాంతాల్లో, దొరే స్వయంగా పెద్ద రైతు. వందల ఎకరాల్లో రై అనే ధాన్యం, గోధుమ పండించి ఓడరేవుల ద్వారా పశ్చిమ యూరప్‌కు అమ్మేవాడు. మరి అంత పొలంలో కూలి ఎవరు? ఊళ్ళో రైతులే. వారానికి ఇన్ని రోజులని దొర పొలంలో ఊరికే పని చేయాలి. నాగలి తమదే, గుర్రాలూ తమవే. దీన్ని జర్మన్‌లో 'ఫ్రోన్' అంటారు. తెలుగులో చెప్పాలంటే వెట్టి. ఇంతకంటే దగ్గరి మాట నాకు దొరకలేదు.

పని ఒక్కటే కాదండి. చాలా చోట్ల పెళ్ళి చేసుకోవాలన్నా, ఊరు విడిచి పోవాలన్నా దొర అనుమతి కావాలి. రైతుల పిల్లలు కొన్నేళ్ళు దొర ఇంట్లో పనివాళ్ళుగా ఉండాలి. ఊరి చర్చిలో పాస్టర్ ఎవరన్నది నిర్ణయించేది కూడా దొరే. గొడవ జరిగితే కోర్టు కూడా ఆయనదే. మీకు ఆయన మీదే ఫిర్యాదు ఉంటే ఏం చేస్తారో ఆలోచించుకోండి. 1618 నుంచి 1648 వరకు జరిగిన ముప్పై ఏళ్ళ యుద్ధంలో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. అలా మనుషులు లేక పడి ఉన్న రైతుల భూముల్ని దొరలు తమ పొలాల్లో కలిపేసుకున్నారు. ఈ దొరల వర్గాన్నే 'యుంకర్లు' అంటారు. చరిత్ర పాఠంలో బిస్మార్క్ పేరు పక్కన ఈ మాట మీరు వినే ఉంటారు.

ఇప్పుడు ఇంటి ప్లాన్ చూద్దాం. ఇది తెలిస్తే మీరు ఏ ఊరు వెళ్ళినా కథ అర్థమైపోతుంది.

ఒక పెద్ద చతురస్రాకారపు వాకిలి ఊహించుకోండి. ఒక వైపు దొర ఇల్లు. దానికి కుడీ ఎడమలా గుర్రాల కొట్టం, పశువుల కొట్టం, ధాన్యం కొట్లు. 19వ శతాబ్దంలో అయితే బంగాళాదుంపల నుంచి సారా తీసే బట్టీ కూడా. ఇంటి ముందు తలుపు సరిగ్గా ఆ వాకిలి మధ్యలోకి తెరుచుకుంటుంది. అంటే దొర కిటికీ దగ్గర నిలబడితే ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎన్ని బండ్లు దిగాయి, ఏ కొట్టం తలుపు తెరిచి ఉంది, అన్నీ కనిపిస్తాయి. మా ఆఫీసులో గోడ మీద పెద్ద స్క్రీన్ ఉండేది, ఏ సర్వర్ నడుస్తోంది, ఏది పడిపోయింది అని చూపించేది. ఈ కిటికీ అదే.

ఇక ఇంటి వెనక వైపు ప్రపంచమే వేరు. అక్కడ తోట, చెట్ల వరసలు, చెరువు. ముందు తలుపు నుంచి లోపలికి వస్తే హాలు, దాన్ని దాటితే తోట వైపు తెరుచుకునే పెద్ద గది. దాన్ని గార్టెన్‌జాల్ అంటారు. ముందు తలుపు, హాలు, తోట గది, తోటలో నడిచే దారి, ఇవన్నీ ఒకే సరళరేఖ మీద ఉంటాయి. అంటే పేడ వాసన ముందు వైపు, గులాబీ వాసన వెనక వైపు, మధ్యలో గట్టిగా ఇరవై అడుగులు. వంటిల్లు చాలా ఇళ్ళలో సగం నేలలోకి దిగిన కింది అంతస్తులో ఉంటుంది. పనివాళ్ళు ఎక్కి దిగేందుకు సన్నని మెట్లు విడిగా ఉంటాయి. అతిథులకు అవి కనపడవు.

సామగ్రి సంగతి కూడా చెప్పాలి. ఆ ప్రాంతంలో రాతి కొండలు లేవు. మంచుయుగంలో హిమానీనదాలు ఉత్తరం నుంచి మోసుకొచ్చి వదిలేసిన గుండ్రాళ్ళు మాత్రం పొలాల నిండా ఉంటాయి. నాగలికి అడ్డం వచ్చిన ప్రతి రాయినీ ఏరి పునాదుల్లో, కొట్టాల గోడల్లో వాడేశారు. పైన ఇటుక లేదా చెక్క చట్రం మధ్య మట్టి నింపిన గోడ. దాని మీద సున్నపు పూత పూసి, రాయిలా కనిపించేట్టు గీతలు గీసేవాళ్ళు. దూరం నుంచి చూస్తే రాతి భవనం, దగ్గరికి వెళ్తే ఇటుక. దొరల్లో చాలామంది నిజంగా అంత డబ్బున్నవాళ్ళు కాదు, అప్పుల్లో ఉన్నవాళ్ళే ఎక్కువ. దర్జా మాత్రం కావాలి.

సరే, ఇప్పుడు పారెట్స్. పోట్స్‌డామ్‌కు వాయవ్యంగా, హాఫెల్ నది పక్కన ఉన్న చిన్న ఊరు. నేను అక్కడికి వెళ్ళింది అక్టోబర్‌లో. బస్సు దిగాక ఊళ్ళో మనిషి కనపడలేదు. ఒక వీధి, చర్చి, చెట్లు, పొడుగ్గా పడుకున్నట్టున్న ఒక ఇల్లు. ఇదేనా రాజుగారి ఇల్లు అనిపించింది. మన దగ్గర పాతకాలం జిల్లా పరిషత్ హైస్కూలు అంత సాదాగా ఉంది. బురుజు లేదు, గుమ్మటం లేదు, బంగారు పూత లేదు.

అలా ఉండటమే వాళ్ళకు కావాల్సింది. ఈ ఎస్టేట్ అంతకుముందు బ్లూమెన్‌తాల్ అనే కుటుంబం చేతిలో ఉండేది. ప్రష్యా యువరాజు ఫ్రీడ్రిష్ విల్హెల్మ్ దాన్ని కొని, 1797లో పాత ఇల్లు తీసేసి కొత్తది మొదలుపెట్టించాడు. అదే ఏడాది నవంబర్‌లో తండ్రి చనిపోవడంతో మూడవ ఫ్రీడ్రిష్ విల్హెల్మ్‌గా రాజయ్యాడు. ఆయన భార్య లూయీజ రాణి అంటే జర్మన్లకు ఇప్పటికీ ఒక ఇది. ఇల్లు కట్టే ఆర్కిటెక్ట్‌తో ఈయన, "నువ్వు ఒక పేద ఊరి దొరకు కడుతున్నానని అనుకుని కట్టు" అన్న అర్థం వచ్చే మాట చెప్పాడని ఆ ప్రాంతంలో అందరూ చెప్పుకుంటారు. బెర్లిన్‌లో దర్బారు మర్యాదలతో విసిగిపోయిన జంట వేసవి చివర్లో ఇక్కడికి వచ్చి, పంట కోతల పండుగలో ఊరి జనంతో కలిసి డ్యాన్సులు చేసేవాళ్ళట. ఇక్కడ తాను రాజును కాను, పారెట్స్ ఊరి పెద్దను అని ఆయన సరదాగా చెప్పుకునేవాడట.

వినడానికి ముచ్చటగా ఉంది. నాకు మాత్రం మొదట కొంచెం కోపం వచ్చింది. పేదరికం కూడా వీళ్ళకు ఒక డెకరేషనా అని. ఇప్పుడు కోట్లున్నవాళ్ళు ఫామ్‌హౌస్‌లో మట్టి గోడల గది కట్టించుకుని 'సింపుల్ లైఫ్' అన్నట్టు. కానీ ఆర్కిటెక్ట్ గురించి చదివాక ఆ కోపం పూర్తిగా నిలబడలేదు.

ఆయన పేరు డేవిడ్ గిల్లీ. 1748లో ష్వెట్ అనే ఊళ్ళో పుట్టాడు. ఫ్రాన్స్ నుంచి మతం కారణంగా పారిపోయి వచ్చిన కుటుంబాల సంతతి. రాజభవనాల కంటే కొట్టాలు, గాదెలు, కాలువలు, ఊరి బళ్ళు ఎలా కట్టాలన్నదే ఆయన బుర్రలో ఎక్కువ తిరిగేది. 1797 నుంచి పల్లె కట్టడాల మీద ఒక పెద్ద చేతిపుస్తకం అచ్చేశాడు. 1799లో బెర్లిన్‌లో మొదలైన బావ్ అకడెమీ, అంటే కట్టడ విద్యాలయం, స్థాపించినవాళ్ళలో ఆయన ఒకడు. ఆయన దగ్గరా, ఆయన కొడుకు ఫ్రీడ్రిష్ దగ్గరా నేర్చుకున్న కుర్రాడే షింకెల్. తర్వాత బెర్లిన్ రూపురేఖలే మార్చాడు.

గిల్లీకి పట్టుకున్న సమస్య కలప. అడవులు తరిగిపోయాయి, పొడవైన దూలాలు దొరకడం లేదు, దొరికినా ధర మండిపోతోంది. మామూలు పైకప్పుకు పొడవైన, నిటారైన మానులు కావాలి. లోపల బోలెడన్ని స్తంభాలు, అడ్డ దూలాలు పెట్టాలి. ఆయన 16వ శతాబ్దపు ఫ్రెంచ్ ఆర్కిటెక్ట్ ఫిలిబెర్ ద లోర్మ్ చెప్పిన ఒక పాత ఉపాయాన్ని పైకి తీశాడు. ఫిలిబెర్ దాన్ని 1561లోనే పుస్తకంగా వేశాడు. ఉపాయం ఏంటంటే, పొట్టి పలకలు తీసుకోవాలి. ఒక అంచును వంపుగా కోయాలి. వాటిని నిలువుగా పెట్టి, రెండు మూడు వరసలు పక్కపక్కన చేర్చి మేకులు కొట్టాలి. ఒక వరసలో అతుకు వచ్చిన చోట పక్క వరసలో అతుకు రాకూడదు, ఇటుకలు పేర్చినట్టు. అలా చేస్తే పొట్టి ముక్కలతోనే పెద్ద విల్లు తయారవుతుంది. ఆ విల్లులు వరసగా నిలబెట్టి పైన పెంకు వేస్తే బోర్లించిన పడవలాంటి కప్పు. లోపల ఒక్క స్తంభం ఉండదు. మొత్తం అటక గడ్డి నింపుకోవడానికే. దీన్ని 'బోలెన్‌డాఖ్' అంటారు.

దీంట్లో ఇబ్బంది లేకపోలేదు. విల్లు ఎప్పుడూ కింద రెండు కాళ్ళను బయటకు నెడుతుంది. గోడ గట్టిగా లేకపోయినా, మేకులు సడలినా కప్పు నడుం వంగుతుంది. పని కూడా ఎక్కువ. అందుకే కొన్ని దశాబ్దాల తర్వాత వాడకం తగ్గింది. కానీ ఉన్న సరుకుతో పని జరిపించే ఆ బుద్ధి ఉంది చూశారా, నాకు అక్కడే గిల్లీ నచ్చాడు. మట్టిని చెక్క అచ్చుల్లో పోసి దిమ్మిసతో కొట్టి గోడలు కట్టే పద్ధతిని కూడా ఆయన ప్రచారం చేశాడు. మన పల్లెల్లో మట్టి గోడ అంటే పేదరికం గుర్తు. ఆయనకు అది లెక్క వేసి, అచ్చేసి నేర్పాల్సిన టెక్నాలజీ.

పారెట్స్‌లో ఆయన కట్టింది ఇల్లు ఒక్కటే కాదు. 1804 వరకు ఊరు మొత్తం మార్చేశాడు. రైతుల ఇళ్ళు, కొట్టాలు, కమ్మరి కొలిమి, చర్చి, అన్నీ ఒకే ప్లాన్‌లో. కమ్మరి కొలిమికి, చర్చికి కోసు కిటికీల గోథిక్ వేషం వేశారు. కొలిమికి చర్చి కిటికీ ఏంటి అని మీరు నవ్వొచ్చు, నేనూ నవ్వాను. రాజు తోటలో నడుస్తూ చూస్తే అందంగా కనపడాలి, అదీ సంగతి. ఊరు కూడా తోటలో ఒక భాగమైపోయింది. కానీ ఆ ఇళ్ళలో ఉన్న రైతుకు మాత్రం కారని కప్పు దొరికింది. ఈ రెండూ నిజమే.

ఇంటి లోపల అసలు సరుకు గోడల మీద ఉంది. వాల్‌పేపర్లు. పూలు, తీగలు, దూరదేశాల మొక్కలు, పక్షులు. చేత్తో గీసినవి, చెక్క అచ్చులతో అద్దినవి. అప్పటికి మిషన్ మీద పొడవైన చుట్టగా కాగితం తయారు చేయడం మొదలుకాలేదు. చేత్తో చేసిన చిన్న చిన్న కాగితాలను అంటించి పొడుగు పట్టీలు చేసి, రంగుకు ఒక అచ్చు చొప్పున అద్దుకుంటూ పోవాలి. మచిలీపట్నం అద్దకం చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. కాకతాళీయం కూడా కాదు. మన కోరమండల్ తీరం నుంచి వెళ్ళిన పూల బట్టలు, చైనా నుంచి వెళ్ళిన కాగితాలు యూరప్ ఇళ్ళ గోడల రుచినే మార్చాయి. తోట గదిలో నిలబడితే కిటికీ బయట జర్మన్ చెట్లు, గోడ మీద ఎక్కడివో పక్షులు. నేను చాలాసేపు అక్కడే ఉండిపోయాను. కాపలా ఆమె రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళింది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఈ 'పేద దొర' రాజు వెట్టి గురించి ఏం చేశాడు?

1806లో నెపోలియన్ ప్రష్యాను చిత్తుగా ఓడించాడు. రాజు, రాణి తూర్పు చివరకు పారిపోయారు. మేమెల్ అనే ఊరు, ఇప్పుడది లిథువేనియాలో ఉంది. 1807 జూలైలో టిల్సిట్‌లో లూయీజ స్వయంగా నెపోలియన్‌ను కలిసి దయ చూపమని అడిగింది. ఫలితం లేదు, రాజ్యం సగం పోయింది. ఆ పరిస్థితిలో, 1807 అక్టోబర్ 9న మేమెల్‌లోనే ఫ్రీడ్రిష్ విల్హెల్మ్ ఒక శాసనం మీద సంతకం పెట్టాడు. 1810 నవంబర్ 11 తర్వాత తన రాజ్యంలో అందరూ స్వేచ్ఛగల మనుషులే, ఎవరూ ఎవరికీ కట్టుబానిసలు కారు అని. దాని వెనక మంత్రి ష్టైన్, ఆయన తోటి అధికారులు ఉన్నారు. ఓడిపోయిన రాజ్యానికి ఉత్సాహంగా పనిచేసే జనం కావాలి, అందుకే ఈ మార్పు.

బాగుంది కదా? ఆగండి. మనిషి స్వేచ్ఛ పొందాడు, పొలం మాటేంటి? 1811లో వచ్చిన చట్టం ప్రకారం రైతు తన భూమికి పూర్తి హక్కుదారు కావాలంటే దొరకు నష్టపరిహారం ఇవ్వాలి. ఏ రూపంలో? భూమి రూపంలో. వారసత్వ హక్కు ఉన్నవాళ్ళు మూడో వంతు, లేనివాళ్ళు సగం. 1816లో మళ్ళీ సవరించి చిన్న రైతుల్లో చాలామందిని ఆ అవకాశం నుంచే తప్పించారు. మిగిలిన ముక్కతో బతకలేనివాళ్ళు అమ్ముకుని కూలీలయ్యారు. అంటే విముక్తి చట్టం తర్వాత దొరల పొలాలు పెరిగాయి! మీరు తూర్పు జర్మనీలో చూసే గూట్స్‌హౌస్‌లలో చాలావాటికి ఇప్పుడున్న దర్జా, రెండో అంతస్తు, పెద్ద తోట, ఇవన్నీ 19వ శతాబ్దంలో వచ్చినవే. వెట్టి పోయిన తర్వాత వచ్చినవి. నేను చదివినదాంట్లో నన్ను బాగా కుదిపింది ఇదే. దొరల కోర్టులు 1848 విప్లవం దాకా ఉన్నాయి. ఎస్టేట్‌ను విడి పరిపాలనా యూనిట్‌గా లెక్కించే పద్ధతి ప్రష్యాలో 1927 వరకు పోలేదు.

అందరు దొరలూ ఒకే అచ్చు అని మాత్రం చెప్పను. పారెట్స్‌కు నైరుతిగా, బ్రాండెన్‌బుర్గ్ పట్నం దగ్గర రెకాన్ అనే ఊరుంది. అక్కడి దొర ఫ్రీడ్రిష్ ఎబర్‌హార్డ్ ఫన్ రోఖోవ్. 1770ల మొదట్లో పంటలు పోయి, జబ్బులు వచ్చి జనం చనిపోతున్నారు. ఆయన డాక్టర్‌ను పెడితే ఊరివాళ్ళు నమ్మకుండా నాటు మందుల వెనక పోయారు. చదువు లేకపోవడమే మూలమని ఆయనకు అనిపించింది. 1773లో రైతుల పిల్లలకు, ఆడపిల్లలతో సహా, తన ఇంటికి కూతవేటు దూరంలో బడి పెట్టాడు. బట్టీ కొట్టించడం కాకుండా ప్రశ్నలు అడిగి ఆలోచింపజేసే బడి. 1776లో పల్లె పిల్లల కోసం చదువుకునే పుస్తకం రాశాడు, అది ఎన్నో ముద్రణలు పొందింది. టీచర్ పేరు బ్రున్స్. ఆయన 1794లో చనిపోతే దొర తన తోటలోనే స్మారక స్తంభం పెట్టించాడు. ఆయన ఒక టీచర్ అని మాత్రమే దాని మీద రాయించాడు. దొర తోటలో టీచర్ పేరుతో స్తంభం! ఇప్పుడు ఆ ఇల్లు, ఆ బడి రెండూ మ్యూజియాలే. వీలైతే అక్కడికీ వెళ్ళండి.

1945కు వద్దాం. యుద్ధం ముగిసింది, ఈ ప్రాంతం సోవియట్ సైన్యం చేతిలో ఉంది. సెప్టెంబర్‌లో భూసంస్కరణ ప్రకటించారు. 100 హెక్టార్లు, అంటే దాదాపు 250 ఎకరాలు, దాటిన ఎస్టేట్ మొత్తం పరిహారం లేకుండా స్వాధీనం. యుంకర్ల భూమి రైతుల చేతికి అన్నది నినాదం. ఏడు వేలకు పైగా పెద్ద ఎస్టేట్లు పోయాయి. దాదాపు 2 లక్షల 10 వేల కుటుంబాలు కొత్త రైతులయ్యాయి. వాళ్ళలో చాలామంది ఇంకా తూర్పు నుంచి, ఇప్పటి పోలండ్ ప్రాంతాల నుంచి కట్టుబట్టలతో తరిమేయబడి వచ్చిన శరణార్థులు. దొర కుటుంబాలకు కొన్ని గంటలో, కొన్ని రోజులో టైమ్ ఇచ్చి ఊరు దాటించారు. కొందర్ని శిబిరాల్లో పెట్టారు. వాళ్ళలో హిట్లర్‌తో అంటకాగినవాళ్ళు ఉన్నారు, హిట్లర్‌ను ఎదిరించి ఉరికంబం ఎక్కినవాళ్ళ కుటుంబాలూ ఉన్నాయి. చట్టం చూసింది హెక్టార్లనే.

ఇళ్ళలో ఒక్కో గదికి ఒక్కో శరణార్థి కుటుంబం దిగింది. బాల్‌రూమ్‌లో పొయ్యిలు పెట్టుకున్నారు. 1947లో సోవియట్ అధికారులు 209 నంబరు ఆర్డర్ ఇచ్చారు. కొత్త రైతులకు 37 వేల ఇళ్ళు కట్టాలి, ఇటుక లేదు, కాబట్టి దొరల ఇళ్ళు పడగొట్టి ఆ ఇటుకలు వాడండి అని. ఎన్నో ఇళ్ళు అలా మాయమయ్యాయి. ఒక ఊళ్ళో నేను చూశాను, దారి, రెండు వైపులా నిమ్మజాతి లిండెన్ చెట్ల వరస ఎంత ఠీవిగా ఉందో, చివరికి వెళ్తే ఖాళీ గడ్డి. (రాస్తుండగా ఒక సవరణ: వీడియోలో 'నిమ్మజాతి' అన్నాను. అది తప్పు. ఇంగ్లీష్‌లో లైమ్ ట్రీ అంటారు కానీ మన నిమ్మకూ దానికీ చుట్టరికం లేదు.) అది చూసినప్పుడు బాధ వేసింది. వెంటనే, ఆ ఇటుకలతో ఎవరికో మొదటిసారి సొంత గూడు దొరికి ఉంటుంది కదా అని కూడా అనిపించింది. మా అమ్మమ్మను అడిగి ఉంటే ఏమనేదో నాకు తెలుసు. అయితే ఆ కొత్త రైతుల చేతిలో కూడా భూమి ఎక్కువ కాలం నిలవలేదు. 1952 నుంచి సహకార సంఘాలు మొదలయ్యాయి, 1960 కల్లా దాదాపు అందర్నీ వాటిలో కలిపేశారు.

పారెట్స్ ఇల్లు పడగొట్టకుండా బతికింది. మొదట శరణార్థులు, తర్వాత రైతులకు శిక్షణ ఇచ్చే విద్యాలయం, ఆ తర్వాత పశుసంవర్ధక సంస్థ ఆఫీసు. మార్పులు చేసీ చేసీ దాని రూపు గుర్తుపట్టలేనంతగా మారిపోయింది. కానీ 1947లోనే ఎవరో బుద్ధిమంతులు ఆ వాల్‌పేపర్లను గోడల నుంచి జాగ్రత్తగా ఊడదీసి పోట్స్‌డామ్‌లో దాచిపెట్టారు. మా భాషలో చెప్పాలంటే సర్వర్ కాలిపోయే ముందు బ్యాకప్ తీశారు. తిండికే దిక్కులేని సంవత్సరంలో, పాత రాజు గోడ కాగితాల గురించి ఆలోచించిన మనిషి ఎవరోగానీ దండం పెట్టాలి.

ఇలాంటి ఇంటికి అసలు శత్రువు సుత్తి కూడా కాదు, నీళ్ళు. మనిషి లేని ఇంట్లో మొదట కప్పు చివరి తూము మూసుకుపోతుంది. వాన నీరు గోడలోకి దిగుతుంది. అంతస్తు దూలాల చివర్లు గోడలోనే ఉంటాయి కదా, అవి ముందు నానతాయి. కలపలో తేమ 20 శాతం దాటి అలాగే ఉండిపోతే 'హౌస్‌ష్వామ్' అనే బూజు పడుతుంది. మామూలు బూజులా తడి ఉన్నచోటే ఆగదు. దారాల్లాంటి వేళ్ళతో నీళ్ళు మోసుకుంటూ, ఇటుక గోడ సందుల్లోంచి దూరి, అవతలి గదిలో ఉన్న చెక్కను పట్టుకుంటుంది. కలప గోధుమరంగు ఘనాలుగా విరిగి పొడైపోతుంది. అది కనపడితే దూలం ఒక్కటి మారిస్తే చాలదు, చుట్టూ మంచిగా ఉన్న చెక్క కూడా కోసేయాలి, గోడకు చికిత్స చేయాలి. కొన్నవాళ్ళ డబ్బంతా ఇక్కడే పోతుంది.

ఎందుకంటే 1990లో రెండు జర్మనీలు కలిశాక ఈ ఇళ్ళన్నీ అమ్మకానికి వచ్చాయి. 1945 నుంచి 1949 మధ్య స్వాధీనం చేసుకున్నవి పాత యజమానులకు తిరిగి ఇచ్చేది లేదని రెండు ప్రభుత్వాలూ అప్పటికే ఒప్పుకున్నాయి. 1991 ఏప్రిల్‌లో రాజ్యాంగ కోర్టు దాన్ని సమర్థించింది. 1994లో కొంత పరిహారానికి చట్టం వచ్చింది, నాజీలకు గట్టిగా సాయపడినవాళ్ళకు తప్ప. పాత రాజవంశం హొహెన్‌త్సొల్లెర్న్‌ల మీద సరిగ్గా ఈ పాయింటు మీదే ఏళ్ళ తరబడి వాదన నడిచింది, చివరికి 2023 మార్చిలో వాళ్ళే ఆ కేసులు వెనక్కి తీసుకున్నారు. కొందరు పాత దొరల మనవలు తమ తాతల ఇంటినే మళ్ళీ డబ్బు పెట్టి కొనుక్కున్నారు. కొన్ని ఇళ్ళు నామమాత్రపు ధరకు పోయాయి, బాగుచేస్తామని మాట ఇస్తే చాలు. హోటళ్ళయ్యాయి, పెళ్ళి హాళ్ళయ్యాయి. కొనుక్కుని బూజుకు భయపడి వదిలేసినవీ ఉన్నాయి.

పారెట్స్‌ను 1999 నుంచి బాగుచేసి 2001లో మ్యూజియంగా తెరిచారు. దాచిన వాల్‌పేపర్లు శుభ్రం చేసి మళ్ళీ అవే గోడల మీదికి ఎక్కించారు. పక్క షెడ్డులో రాజుల కాలపు గుర్రపు బండ్లు, మంచు బండ్లు, పల్లకీలు ఉన్నాయి. పల్లకీ చూసి నేను ఆగిపోయాను. మోసేవాళ్ళు పట్టుకునే చెక్క బొంగులు కూడా ఉంటాయి కదా, వాటినే చూస్తూ నిలబడ్డాను.

చివరిగా చర్చికి వెళ్ళాను. లూయీజ 1810 మేలో ఆఖరిసారి పారెట్స్ వచ్చింది. జూలై 19న చనిపోయింది, వయసు 34. ఆమె పోయిన తర్వాత షాడో అనే శిల్పితో చేయించిన ఫలకం ఆ చర్చిలో ఉంది. కామెంటు పెట్టిన అన్నా, మీ ప్రశ్నకు జవాబుగా ఆ ఇళ్ళలో చాకిరీ చేసినవాళ్ళ పేర్లు వెతికాను. ఆ రోజు చర్చిలో చూసిన బోర్డుల్లో, ఇంట్లో చూసిన బోర్డుల్లో రాజు, రాణి, ఆర్కిటెక్ట్, శిల్పి పేర్లున్నాయి. కొలిమిలో పనిచేసిన కమ్మరి పేరు నాకు కనపడలేదు. ఈలోగా తిరుగు బస్సు టైమ్ అయింది, దాని తర్వాతది రెండు గంటలకు. పరిగెత్తాను.

ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు మా అమ్మమ్మ వాళ్ళ గడిని షూట్ చేద్దామనుకుంటున్నా. మీ ఊళ్ళో గడి ఉంటే, దాంట్లో పనిచేసినవాళ్ళు మీ ఇళ్ళలో ఎవరైనా ఉంటే, వాళ్ళ మాటలు రికార్డు చేసి పంపండి. ఉంటానండి, నమస్తే.